ముందు సీటు

కారులో సీట్లు లేవు.

షెడ్డు తలుపు సగం తెరిచి, చేతిలో తడిగుడ్డతో, ఇంట్లో అందరూ పిచ్చుక అని పిలిచే ఆ పిల్ల ఉన్నచోటే ఆగిపోయింది. స్టీరింగు ఉంది. గేరు కర్ర ఉంది. కిటికీ పక్కన చేత్తో తిప్పుకునే మూడుమూలల చిన్న అద్దం కూడా ఉంది. కూర్చోవలసిన చోట మాత్రం ఒట్టి రేకు, బోల్టు కన్నాలు, ఎప్పుడో ఎవరో పారేసుకున్న బొత్తాం ఒకటి కనిపించాయి.

బీమా కంపెనీ మనిషి ఆ మధ్యాహ్నమే వస్తానన్నాడు.

"అమ్మా!"

"అరవకు, వస్తున్నా." తల్లి పనిగది గుమ్మంలోకి వచ్చింది. నోట్లో ఉన్న గుండుసూదులు ఒక్కొక్కటే తీసి మణికట్టుకు కట్టుకున్న చిన్న మెత్తలో గుచ్చుకుంది. ఆ తీరిక చూస్తే పిచ్చుకకు ఒళ్ళు మండింది.

"సీట్లు ఏవి?"

"లోపలున్నాయి. చూసుకుని మురిసిపో."

తల్లి ముఖంలో నవ్వు ఆగడం లేదు. వారాల తరబడి ఆ ఇంట్లో కనిపించని నవ్వది.

పనిగదిలో, పొడుగాటి బల్ల మీద, సీట్లు వరసగా కూర్చుని ఉన్నాయి. ముందువి రెండూ, వెనకదొకటి. పాత కారు పాత సీట్ల మీద ఉండే బూడిదరంగు, ఆకుపచ్చ చారల గుడ్డే ఇప్పుడూ ఉంది, కానీ కొత్తది. డ్రైవరు సీటు అంచున చిరిగి పీచు బయటికొచ్చిన చోట ఇప్పుడు వేలు పెట్టి వెతికినా అతుకు దొరకదు. చార ఎక్కడ మొదలై ఎక్కడ మలుపు తిరగాలో అక్కడే తిరిగింది.

పిచ్చుక చేతిలోని తడిగుడ్డను బల్లకు దూరంగా పట్టుకుంది.

"నాన్న ఎప్పుడు చేశాడు?"

"నువ్వు కళ్ళజోళ్ళ అద్దాల మిషను నేర్చుకోవడానికి ఊరెళ్ళావు కదా, అప్పుడు. ఆ గుడ్డ ఇప్పుడెవరూ నెయ్యట్లేదట. మూతబడిన కొట్టు గోడౌన్లో ఎక్కడో అడుగున ఒక తాను ఉంటే, వాళ్ళ కాళ్ళా వేళ్ళా పడి తెచ్చాడు. రెండు రాత్రులు నిద్రపోలేదు మీ నాన్న. నాతో కూడా మాట్లాడలేదనుకో. చార కలవట్లేదని గుడ్డతోనే మాట్లాడుకున్నాడు."



ఇక్కడ ఈ ఇంటి పద్ధతి ఒకటి చెప్పుకోవాలి. సోఫాలకు, కుర్చీలకు గుడ్డలు మార్చి బతికే ఇల్లది. ఆ ఇంట్లో 'తప్పయింది' అనే మాట ఎవరి నోటా రాదు. దెబ్బలాట ఎవరు వదులుకోవాలనుకుంటే వాళ్ళు అవతలివాళ్ళ వస్తువేదో బాగుచేసి, చడీచప్పుడు లేకుండా వాళ్ళ కంటపడే చోట పెడతారు. అవతలివాళ్ళు దాన్ని వాడతారు. అంతటితో గొడవ అయిపోయినట్టు లెక్క. తల్లి కూర్చునే కుర్చీకి ఇప్పటికి ఎన్ని గుడ్డలు మారాయో చూస్తే ఆ కాపురంలో ఎన్ని పోట్లాటలు జరిగాయో చెప్పెయ్యొచ్చు. బాగుచేసిన కుర్చీలో కూర్చోకుండా ఉండటమనేది మాత్రం ఇంతవరకు ఎవరూ చేసి ఎరగరు.

"వెళ్ళి ఒకసారి కూర్చో," అంది తల్లి. "ఆయన సోఫా ఇచ్చి రావడానికి వెళ్ళాడు. వచ్చేసరికి కూర్చుని ఉన్నావంటే ఇంక చాలు. నాకు ఈ మూగనోములు చూడలేక ప్రాణం విసిగిపోయింది."

"అమ్మా, ఈ సీట్లతో నాకు బీమా రాదు."

తల్లి నవ్వు సగంలో ఆగింది.

"అదేం? సీట్లకీ బీమాకీ ఏంటి?"

*

కారు ఇంటికొచ్చిన రోజు రభస మొదటి నుంచీ చెప్పను. కూతురు పాత కారు కొన్నందుకు కాదు తండ్రికి, అంటే సోఫాల మేస్త్రికి, కోపం. చూసి ఎంచడానికి తనని కాదని, తన బావమరిదిని వెంటబెట్టుకుని వెళ్ళినందుకు. కారు నేర్పింది తాను. గేరు మార్చడం రాక అది ఏడిస్తే పక్క సీట్లో కూర్చుని ఊరుకోబెట్టింది తాను. తీరా కారు కొనే వేళకి తానెవరో అయిపోయాడు.

పిచ్చుక వాదన పిచ్చుకది. ఆయన ఏ బండినైనా సీటు నుంచే చూస్తాడు. మావయ్య మెకానిక్కు, కింద నుంచి చూస్తాడు. ఆమె ముందు మనసు పడింది ఒక ఎర్ర కారు మీద. మావయ్య అయస్కాంతానికి గుడ్డ చుట్టి దాని ఒంటినిండా ఆనించి చూశాడు. సగం చోట్ల అతుక్కోలేదు. రేకు తుప్పు పట్టి పోతే లోపల లప్పం పూసి పైన రంగేశారన్నమాట. ఇప్పుడు కొన్న ఈ లేత ఆకుపచ్చ కారుకు మాత్రం నెత్తి నుంచి తోక దాకా అయస్కాంతం అతుక్కుంది. అది మెల్లగా నడిచే నాలుగు తలుపుల కారు, దానికి పెద్ద సోకేమీ లేదు. అయితే దాని కిటికీ పక్కన మూడుమూలల చిన్న అద్దం ఒకటుంది. పొద్దస్తమానం కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే పిల్ల. ఆ అద్దం అంచు వేలితో తడిమి చూసి, ఇదే కావాలంది.

కారు దొరికాక అసలు కష్టం మొదలైంది. ఆమెకు లైసెన్సు వచ్చి ఏడాది కూడా కాలేదు. కారు వయసేమో ఆమె వయసుకు రెట్టింపు. ఈ రెండూ వినగానే ఒక కంపెనీవాళ్ళు ఫోనులోనే నవ్వారు. ఇంకొకళ్ళు కారు ఖరీదును మించిన ప్రీమియం చెప్పారు. మిగిలిందల్లా పాత కార్లకు మాత్రమే బీమా ఇచ్చే ఒక కంపెనీ. అక్కడి ఆవిడ షరతులు వల్లె వేసినట్టు చెప్పింది. రాత్రిపూట కారు కప్పు కింద ఉండాలి. ఇంట్లో చాలా ఏళ్ళ అనుభవమున్న డ్రైవరు ఒకరు తోడు సంతకం పెట్టాలి. అన్నిటికంటే ముఖ్యం, కారు ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉండాలి.

"కుర్రవాళ్ళు పాత కారు కొనగానే చేసే మొదటి పని దాన్ని మార్చడమేనమ్మా," అందావిడ. "అందుకే మీ వయసు వాళ్ళకి ఒక్క మార్పు ఉన్నా ఇవ్వం."

ఈ కంపెనీ కూడా కాదంటే కారు వెనక్కి వెళ్ళిపోతుంది. అమ్మిన పంతులమ్మ గారు ఈ నెలాఖరు దాకా తిరిగి తీసుకుంటానని మాటిచ్చింది. ఆ తర్వాత అది షెడ్డులో అలంకారంగా ఉండాల్సిందే.

ఈ షరతుల సంగతి పిచ్చుక మావయ్యకు చెప్పింది. నాన్నకు చెప్పలేదు. నాన్నతో మాటలుంటే కదా.

*

మావయ్య ఫోనెత్తగానే నవ్వాడు. సంగతి విన్నాక నవ్వు మానేశాడు.

"కొంప ముంచాడే మీ నాన్న."

"పాత గుడ్డ దొరికితే మళ్ళీ వేసెయ్యొచ్చా?"

"ఎవరేస్తారు? నేనా? సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు నాకు. మీ నాన్ననే అడగాలి."

పిచ్చుక అప్పటికే వెతికింది. పని పూర్తయ్యేదాకా పాత గుడ్డలు తగిలించే మేకు ఖాళీగా ఉంది. చెత్త గోనెలో పీచు, దారం ముక్కలు తప్ప ఏమీ లేవు.

"పోనీ ఒకటి చెప్తా విను," మావయ్య గొంతు తగ్గించాడు. "సీట్లు ఎలా ఉన్నాయి? కొత్తవని తెలిసిపోతోందా?"

"లేదు. చాలా బాగా కాపాడిన పాత సీట్లలా ఉన్నాయి."

"ఇంకేం? ఫ్యాక్టరీవే అని చెప్పెయ్. బావ చేతి పని కనిపెట్టే మగాడు ఆ కంపెనీలో ఉండడు."

"రేపు ఏదైనా జరిగి, వాళ్ళు తవ్వి తీస్తే?"

"జరక్కుండా నడుపు."

"సంతకం పెట్టేది నేను మావయ్యా, నువ్వు కాదు."

"అయితే కారు వెనక్కిచ్చెయ్. నన్నెందుకు అడగడం?" అని, మళ్ళీ, "పిచ్చుకా, బావ సీట్లు కుట్టాడంటే... ఆయన దిగొచ్చాడన్నమాటేగా?" అన్నాడు.

"అదే కదా నా ఏడుపు."

*

మేస్త్రి వచ్చాడు. కూతురు పనిగదిలో ఉందని చూశాడు, చూడనట్టు ఊరుకున్నాడు. చేతులు కడుక్కుని, పానా తీసుకుని, సీట్లు ఒక్కొక్కటే షెడ్డులోకి మోసుకెళ్ళాడు. వెనకది బరువు. పిచ్చుక రెండో వైపు పట్టుకుంది. వద్దనలేదాయన.

ఇద్దరూ కలిసి దాన్ని కారులోకి దించారు. బోల్టులు బిగిస్తున్నంతసేపూ ఆమె దీపం పట్టుకుని నిలబడింది. ఆయన మెడ మీద బూడిదరంగు నూలుపోగు ఒకటి అంటుకుని ఉంది. తియ్యాలనిపించింది. తియ్యలేదు.

పని అయ్యాక మేస్త్రి డ్రైవరు వైపు తలుపు బార్లా తెరిచి, పక్కకు జరిగి, పానాను గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు. శుభ్రంగా ఉన్న పానాను తుడుస్తున్నాడు. తల్లి గుమ్మంలోంచి కూతురికి కళ్ళతో సైగ చేసింది. కూర్చో.

ఒక్క అడుగు. అంతే దూరం. కూర్చుంటే కడుపులో చల్ల కదలకుండా అందరూ హాయిగా ఉండొచ్చు. కానీ కూర్చున్నాక ఈ సీట్లు తీసెయ్యమని ఏ నోటితో అడుగుతుంది? కూర్చోకుండా చెప్దామంటే, ఆయన చాచిన చెయ్యి తోసేసినట్టవుతుంది. ముందు చెప్పాలో, ముందు కూర్చోవాలో ఆమెకు తేలలేదు.

"ఒళ్ళంతా దుమ్ముగా ఉంది," అంది చివరికి, ఎవరితోనూ కాకుండా. "స్నానం చేసి వస్తా."

మేస్త్రి పానా తుడవడం ఆపాడు.

"టీ పెట్టు," అన్నాడు భార్యతో. "దుమ్ము లేనివాళ్ళకి."

తలుపు వెయ్యకుండానే లోపలికి వెళ్ళిపోయాడు. తల్లి నెత్తి కొట్టుకుంది.

"చెప్పెయ్యొచ్చు కదే! ఆయనకేం తెలుసు, నీ షరతులేంటో!"

"ఎలా చెప్పనమ్మా? రెండు రాత్రులు మేలుకుని కుట్టిన మనిషితో, ఆ చిరిగిందే నాకు కావాలి, ఇది వద్దు అని ఎలా అనను?"

"స్నానం చేస్తానన్నావుగా, చెయ్యి," అంది తల్లి.

*

బీమా మనిషి సన్నగా, పొడుగ్గా, అందరికీ క్షమాపణ చెబుతున్నట్టు నడిచే మనిషి. షెడ్డులోకి రాగానే కప్పు చూశాడు, తాళం చూశాడు, రాసుకున్నాడు. కారు కింద పడుకుని చూశాడు. ఇంజను మీది అంకెలు తుడిచి చూశాడు. అతను చేతిసంచిలోంచి గుడ్డ చుట్టిన అయస్కాంతం తీసేసరికి పిచ్చుకకు మావయ్య గుర్తొచ్చి కొంచెం ధైర్యం వచ్చింది.

మేస్త్రి చేతులు కట్టుకుని గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఎవరూ పిలవలేదు, ఎవరూ వెళ్ళమనలేదు. తల్లి టీ గ్లాసులు పట్టుకొచ్చి, ఎవరికివ్వాలో తెలియక పట్టుకునే ఉంది.

"చాలా బాగుందమ్మా. మీ వయసు వాళ్ళు ఇలాంటి కారు ఎంచుకోవడం నేను చూడలేదు. అందరూ రెండు తలుపులవే కొంటారు," అంటూ అతను వెనక తలుపు తెరిచాడు. తర్వాత ముందుది. వంగి సీటు మీద అరచెయ్యి పెట్టి నెమ్మదిగా రాశాడు. అంచు కుట్టు దగ్గర వేలు ఆపాడు. అడుగుకు చెయ్యి పోనిచ్చి స్ప్రింగు నొక్కి చూశాడు.

"అబ్బ," అన్నాడు. "ఈ చారల గుడ్డ ఇంత బాగా ఉన్న కారు ఈ ఉద్యోగంలో నేను చూడనేలేదు. ఎవరిదో గానీ భద్రంగా వాడుకున్న చెయ్యి."

గోడ దగ్గర మేస్త్రి కట్టుకున్న చేతులు విప్పాడు. మళ్ళీ కట్టుకున్నాడు. ఆయన చెవుల కొసలు ఎర్రబడటం పిచ్చుక చూసింది.

అతను కలం తీశాడు. "ఇది నేను యజమాని నోటి నుంచే వినాలి, అందుకని అడుగుతున్నా. సీట్లు ఫ్యాక్టరీవేనా?"

ఔననడానికి ఒక్క క్షణం పట్టదు. ఔనంటే కారు తనది. సోమవారం నుంచి ఆ మూడుమూలల అద్దం లోంచి గాలి ముఖానికి కొడుతుంటే దుకాణానికి వెళ్ళొచ్చు. మావయ్య అన్నది నిజమే, ఈ మనిషి కనిపెట్టలేకపోయాడు. అబద్ధానికి ఆమె భయపడింది, అది నిజం. దానికంటే ఇంకొకటి ఎక్కువగా భయపెట్టింది. ఔనని ఆమె అంటుంటే వినడానికి ఆయన అక్కడే ఉన్నాడు. ఇవి నువ్వు కుట్టినవి కావు అని ఆయన ముఖం మీదే అనడమవుతుంది.

"కాదండీ," అంది. "మా నాన్న కుట్టారు. మొన్ననే."

కలం ఆగింది. అతను సీటు వైపు మళ్ళీ వంగి, ఈసారి చాలాసేపు చూశాడు.

"చెప్పకపోతే నాకు తెలిసేది కాదు."

"తెలుసండీ."

"రాయాలి మరి." అతనికి నిజంగానే బాధగా ఉన్నట్టుంది. "గుడ్డ మారిందని రాస్తే, మీ వయసుకి, ఆఫీసులో ఒప్పుకోరమ్మా. ముందే చెప్పి ఉంటారు కదా మీకు."

"ఏంటి ఒప్పుకోరు?" మేస్త్రి గోడ వదిలి ముందుకు వచ్చాడు. "ఏం చెప్పారు?"

అతను వివరించాడు. మేస్త్రి విన్నాడు. వింటున్నకొద్దీ ఆయన ముఖంలో అర్థమవుతున్నదీ, అర్థం కానిదీ ఒకదాని మీద ఒకటి వచ్చాయి.

"అంటే ఆ చిరుగు ఉండాలా?"

"ఉండాలండీ."

"పీచు బయటికొచ్చింది. చూశారా మీరు? కూర్చుంటే గుచ్చుకుంటుంది."

"గుచ్చుకున్నా సరేనండీ. పాతది పాతదిగా ఉంటే దానికో విలువ."

"బాగుచెయ్యడం తప్పా?"

"బాగుచెయ్యడం తప్పు కాదు. పాత గుడ్డే ఉంచి, చిరుగు కుట్టి ఉంటే దాన్ని రిపేరు అని రాసేవాణ్ణి. గుడ్డే మారిపోయింది కదండీ."

మేస్త్రి కూతురి వైపు చూశాడు. వారాల తర్వాత మొదటిసారి నేరుగా చూశాడు. దుమ్ము, స్నానం, పొద్దుటి నుంచి ఆమె ముఖం మాడ్చుకుని తిరగడం, అన్నీ ఆ చూపులోనే ఆయనకు లెక్క తేలిపోయాయి.

ఆయన ఏమీ అనకుండా ఇంట్లోకి వెళ్ళాడు. మంచం కిర్రుమన్న చప్పుడు, పరుపు ఎత్తిన చప్పుడు వినిపించాయి. తిరిగి వచ్చినప్పుడు ఒక చేతి మీద పాత గుడ్డలున్నాయి. చారలు వెలిసిపోయి, పరుపు కింద నలిగి కాగితంలా చదునుగా ఉన్నాయి. చిరుగు చిరుగులాగే ఉంది.

"ఈ రకం ఇంక దొరకదు. ఎప్పటికైనా అతుక్కి పనికొస్తుందని దాచా," అన్నాడు బీమా మనిషితో. "కుట్టు కుట్టూ విప్పి తీశా. ఒక్క పోగు తెగలేదు. నాకు సాయంత్రం దాకా టైమివ్వండి. ఎలా ఉన్నది అలా ఎక్కించేస్తా."

బీమా మనిషి ఆ గుడ్డ చూశాడు. "అలా అయితే రిపేరు అని రాయొచ్చు," అన్నాడు నెమ్మదిగా. "నేను ఇంకో ఇల్లు చూసుకుని మళ్ళీ వస్తా. తోడు డ్రైవరు సంతకం కూడా అప్పుడే తీసుకుంటా. ఎవరు పెడుతున్నారు?"

తల్లి మేస్త్రి వైపు చూసింది.

మేస్త్రి రెండో చేతిలో కుట్లు విప్పే కొక్కీ ఉంది. ఆయన తెరిచి ఉన్న తలుపు దగ్గరికి వెళ్ళి, డ్రైవరు సీటు అంచు మీద వేలు పెట్టి, కుట్టు ఎక్కడ మొదలైందో వెతుక్కున్నాడు. తాను దాచిన కుట్టు, తనకే వెంటనే దొరకలేదు. దొరికింది. కొక్కీ మొన దాని కింద దూర్చాడు.

పిచ్చుకకు ఏడుపు వచ్చింది. అది ఆపుకోవడానికి ఇంకే దారీ తోచలేదేమో, తండ్రి చేతికీ తలుపుకీ మధ్య సందులోంచి దూరి, వెళ్ళి ఆ సీట్లో కూర్చుంది.

సీటు మెత్తగా ఉంది. వీపు దగ్గర ఎక్కడ ఆసరా కావాలో అక్కడ ఉంది. ఆమె ఎత్తుకు సరిపోయేలా లోపల ఇంకొంచెం పీచు కూరాడని అప్పుడు తెలిసింది.

తల్లి టీ గ్లాసులు నేల మీద పెట్టేసింది. బీమా మనిషి గుమ్మం దగ్గర ఆగిపోయాడు.

మేస్త్రి కొక్కీ వెనక్కి తీసుకున్నాడు.

"లే," అన్నాడు.

కారు ఇంటికొచ్చిన రోజు నుంచి ఆయన కూతురితో అన్న మొదటి మాట అది.

పిచ్చుక రెండు చేతులతో స్టీరింగు పట్టుకుంది.

"లేవను," అంది.